ఎత్తి కట్టిందల్లా పొలొనేజ్ కాదు: పాత ఫ్రెంచ్ దుస్తుల బొమ్మలు చదవడం, 4వ పాఠం

పోయిన పాఠానికి మీరు రాసిన జవాబులు చూశానండి, దాదాపు అందరూ ఒకేచోట జారారు, జుట్టు ఎంత ఎత్తుంటే అంత పెద్దింటావిడ, స్కర్టు పైకి లేచి ఉంటే పొలొనేజ్ (వెనక ఎత్తి కట్టే ఒక రకం గౌను) అని రాసేశారు. అందుకే టోపీల పాఠం పక్కనపెట్టి మళ్లీ దీని దగ్గరికే వచ్చా.

మనం చూస్తున్న గాలెరీ దె మోద్ అనే ఫ్యాషన్ బొమ్మల వరస 1778 నుంచి 1787 దాకా పారిస్‌లో ఎస్నో, రాపిల్లీ అనే ఇద్దరు అచ్చేసి అమ్మింది, అందులో బొమ్మలు 400 పైనే ఉంటాయి. వాటిలో ఆస్థానం ఆడవాళ్లూ ఉన్నారు, పనమ్మాయిలూ ఉన్నారు, పనమ్మాయిని కూడా ముచ్చటగానే గీశారు. ఏప్రన్ చూసి పనమ్మాయి అనేయకండి, పల్చటి గుడ్డతో అలంకారం కోసం కట్టుకున్న గొప్పింటివాళ్లు కూడా ఉన్నారు.

ఇప్పుడు పొలొనేజ్. నడుము దగ్గర కళ్లు పెట్టండి. పైగౌను భుజం నుంచి కింది అంచు దాకా ఒకే పొడుగు ముక్కలుగా కత్తిరిస్తారు, నడుముకి అడ్డంగా కుట్టు ఉండదు. ఛాతీ మీద ఒక్కచోట కలిసి అక్కణ్ణుంచి రెండు పక్కలకీ విచ్చుకుంటుంది. వెనకాల రెండు బొందులుంటాయి, మన లంగా బొందు లాగినట్టే లాగితే గుడ్డ మూడు బుట్టలుగా ఉబ్బుతుంది. అదే ఆంగ్లేజ్ (ఇంగ్లీషు తరహా) గౌనుకైతే నడుము పక్కల కుట్టు కనిపిస్తుంది, దాన్ని కూడా బొందేసి ఎత్తొచ్చు. ఇంకొందరు గౌను అంచుల్ని జేబు కోతల్లోంచి బయటికి లాక్కునేవాళ్లు. మూడూ ఎత్తినవే, మూడిట్లో పొలొనేజ్ ఒక్కటే! బుట్టలు లెక్కపెట్టి ఆగిపోతే మళ్లీ తప్పుతారు, కుట్టు చూడాలి.

హోదా తేలేది ఆవిడ ఎక్కడికి బయల్దేరిందో చూస్తేనే. పాదం బయటికి కనిపిస్తే అది నడకకి, షికారుకి వేసుకున్నది. వెర్సాయ్ రాజభవనంలో రాజుకీ రాణికీ పరిచయం చేసే రోజున మాత్రం గ్రాండ్ అబీ అనే ఆస్థానపు లాంఛన దుస్తులు తప్పవు, బిగుతు బాడీ, పక్కలకి బాగా వెడల్పుగా పేనియే (స్కర్టు కింద ఉబ్బించే చట్రం), వెనక నేల మీద పాకే తోక. దీనికి ఉల్టా ఉదాహరణ కూడా ఉంది, 1783లో వీజే లెబ్రన్ అనే చిత్రకారిణి గీసిన మేరీ ఆంత్వానెత్ తెల్ల మస్లిన్ గౌనులో ఉంటుంది, రాణి లోబట్టలతో కూర్చుందని జనం మండిపడితే ఆ బొమ్మని సలోన్ అనే పారిస్ చిత్రప్రదర్శన నుంచి తీసేశారు. అంటే అంత సాదా బట్టలో ఉన్నది దేశానికే రాణి.

నేనైతే జుట్టు ఆఖర్న చూస్తాను, బొమ్మ కింద రాసిన పేరు అట్టముక్కతో మూసేస్తాను.

ప్రాక్టీసు: పన్నెండు బొమ్మలు తీసుకోండి, వెనక నుంచి గీసినవి కనీసం నాలుగుండాలి. పేరు మూసి నడుము గీత పెన్సిల్‌తో దించండి, ఎక్కడికి వెళ్తోందో ఒక్క లైను రాయండి, అప్పుడు అట్ట తీయండి. తప్పినవి రేపు మళ్లీ దించండి.