పాత కంప్యూటరుకు నిద్ర, మెలకువ – మూడవ పాఠం: ఎక్కడ ఆగిపోతోంది?

లినక్స్ ఉన్న పాత ల్యాప్‌టాప్ స్లీపులోకి వెళ్ళి మళ్ళీ లేవడం లేదనే వారిని నేను మొదట అడిగేది ఒక్కటే: పవర్ బటన్ నొక్కితే కంపెనీ గుర్తుతో మొదటినుంచి మొదలవుతోందా, నల్ల తెరతో బిగుసుకుపోతోందా? మొదటినుంచి మొదలైతే లోపం బ్యాటరీది కావచ్చు. స్లీపులో, తెరిచిన పనిని పట్టి ఉంచే మెమరీ అయిన ర్యాముకు కరెంటు అందుతూనే ఉండాలి. శ్రీకాకుళంలో వేసవి మధ్యాహ్నం కరెంటు పోయి, అరిగిపోయిన బ్యాటరీ పది నిమిషాలు కూడా నిలవకపోతే, తెరిచి ఉంచిన పని మొత్తం పోతుంది. అందుచేత ఈ పాఠంలోని పరీక్షలన్నీ ఛార్జరు పెట్టి, ఫైళ్ళు సేవ్ చేసుకున్న తరువాతే చేయండి.

నల్ల తెరే మిగిలితే క్యాప్స్ లాక్ నొక్కి, దాని దీపం చూడండి. నొక్కినప్పుడల్లా దీపం వెలిగి ఆరుతోందంటే కెర్నెల్ (లినక్స్ గుండెకాయలాంటి ప్రోగ్రాము) బతికే ఉంది, తెర మాత్రమే లేవలేదు. గ్రాఫిక్స్ డ్రైవరును, అంటే తెర బొమ్మలను నడిపే ప్రోగ్రామును, అనుమానించాలి. దీపం కదలకపోతే కెర్నెలే ఆగిపోయి ఉండవచ్చు.

అప్పుడు పనికివచ్చేది సిస్ డైరెక్టరీలోని పవర్ ఫోల్డరులో ఉండే పీఎం_టెస్ట్ అనే ఫైలు (/sys/power/pm_test). కెర్నెల్‌లో ఆ సదుపాయం కలిపి ఉంటేనే అది కనిపిస్తుంది. రూట్ హక్కులతో (అంటే యంత్రంపై పూర్తి అధికారంతో) అందులో 'ఫ్రీజర్' (freezer) అని రాసి స్లీపు ఆదేశం ఇస్తే, కంప్యూటరు ప్రోగ్రాములను స్తంభింపజేసి, సుమారు 5 సెకన్లు ఆగి, తనంతట తానే వెనక్కి వస్తుంది. అది సజావుగా జరిగితే వరుసగా 'డివైసెస్' (devices), 'ప్లాట్‌ఫామ్' (platform), 'ప్రాసెసర్స్' (processors), 'కోర్' (core) అని మార్చుతూ పోవాలి. ప్రతి మెట్టూ ముందరి మెట్టు పనినంతా కలుపుకొని ఇంకొంచెం లోతుకు దిగుతుంది. ఒక్కో మెట్టును కనీసం మూడుసార్లు చేయండి, ఎందుకంటే మొదటిసారి చక్కగా లేచి రెండోసారి మొరాయించే యంత్రాలు నాకు చాలానే తగిలాయి.

నా ల్యాప్‌టాప్ 'డివైసెస్' దగ్గరే ఆగిపోయేది. వైఫై డ్రైవరును మోడ్‌ప్రోబ్‌తో (డ్రైవర్లను ఎక్కించే, తీసేసే ఆదేశం) తీసేసి మళ్ళీ పరీక్షిస్తే గట్టెక్కింది. నిజమైన స్లీపు కూడా నిలబడింది. మీకూ అక్కడే ఆగితే ఒక్కొక్క డ్రైవరునే తీసి చూడండి. రెండు ఒకేసారి తీస్తే దోషి ఏదో తేలదు.

అయిదు మెట్లూ దాటి, అసలు స్లీపులోనే విఫలమైతే? ఈ పరీక్షల్లో పరికరాలకు కరెంటు నిజంగా ఆగదు కాబట్టి, అనుమానం బయాస్ (మదర్‌బోర్డులోనే ఉండే మూల ప్రోగ్రాము) మీదికి, కరెంటు తిరిగి వచ్చాక పరికరాలను లేపే డ్రైవర్ల మీదికి మళ్ళుతుంది. పవర్ ఫోల్డరులోనే ఉన్న మెమ్_స్లీప్ (mem_sleep) ఫైలులో 'డీప్' (deep, గాఢమైన స్లీపు) చుట్టూ బ్రాకెట్లు ఉంటే, అంటే ఇప్పుడు అదే ఎంపికై ఉంటే, దాని బదులు 'ఎస్2ఐడిల్' (s2idle, తేలికపాటి స్లీపు) రాసి చూడండి. బ్యాటరీ కాస్త ఎక్కువ ఖర్చవుతుంది, కానీ బయాస్ ప్రమేయం చాలా తగ్గుతుంది.

పరీక్షలయ్యాక పీఎం_టెస్ట్‌లో 'నన్' (none, ఏ పరీక్షా వద్దు) అని రాయడం మరవకండి. లేకుంటే ల్యాప్‌టాప్ మూసిన ప్రతిసారీ 5 సెకన్లకే లేచి కూర్చుంటుంది. దోషి అని తేలిన డ్రైవరును స్లీపుకు ముందు తీసి, లేచాక తిరిగి ఎక్కించే స్క్రిప్టును నాలుగవ పాఠంలో రాద్దాం.