భృతి ఆపితే పని దొరుకుతుందా: ఈ వాదనను పరీక్షించే పద్ధతి

ప్రభుత్వ భృతి జనాన్ని సోమరులను చేస్తుందని, పని వెతకాలన్న షరతు తప్పినవారికి దాన్ని ఆపేస్తే తప్పక పనిలోకి వెళతారని హైదరాబాద్‌లో తరచుగా వినిపిస్తుంది. ఈ మాటను ఒప్పుకునే ముందైనా, కాదనే ముందైనా కొంత పరిశీలన అవసరం.

మొదట, “పనిలోకి వెళ్లారు” అనడానికి ఏ లెక్క చూపుతున్నారో అడగండి. భృతి జాబితాలో పేర్లు తగ్గడం వేరు, ఆ పేర్లు జీతాల పట్టీల్లో కనిపించడం వేరు. జాబితాలో పేరు పోయిన మనిషి అప్పు మీద నెట్టుకొస్తూ ఉండవచ్చు, అన్నగారింట తలదాచుకుని ఉండవచ్చు, లేదా జబ్బుపడి దరఖాస్తే మానుకుని ఉండవచ్చు. వారంతా ఎక్కడికి చేరారో తేలేదాకా ఆ తగ్గుదలను విజయంగా లెక్కకట్టకూడదు. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే.

తర్వాత, దొరికిన పని ఎలాంటిదో చూడండి. స్విట్జర్లాండ్ పరిశోధనల్లో, షరతు తప్పినందుకు భృతిలో కోత పడినవారు, కోత హెచ్చరిక అందినవారు సైతం, త్వరగా నిరుద్యోగం నుంచి బయటపడ్డట్టు తేలింది. ఈ ఫలితాన్ని దాచకూడదు. అయితే కోత పడినవారికి తర్వాత దొరికిన ఉద్యోగాల్లో జీతం తక్కువగా ఉందని, అవి ఎక్కువకాలం నిలవలేదని కూడా అక్కడే తేలింది. బ్రిటన్ 2012లో కోత గరిష్ఠ గడువును మూడేళ్లకు పెంచి, 2019లో ఆరు నెలలకు తగ్గించింది. అక్కడ భృతి చూసే ప్రభుత్వ శాఖే 2023లో బయటపెట్టిన ముసాయిదా నివేదిక ప్రకారం, కోత పడినవారు ఉద్యోగాల్లోకి మరింత ఆలస్యంగా వెళ్లారు, వెళ్లినవారు తక్కువ సంపాదించారు.

ఆలస్యం ఎందుకవుతుందో తెలియాలంటే ఉదయం ఆరున్నరకు కూకట్‌పల్లి కూలీల అడ్డా మీద కాసేపు నిలబడండి. మేస్త్రీ ముందురోజు రాత్రి ఫోన్ చేసి పిలిచినవారు నేరుగా సైటుకు పోతారు. రీఛార్జి అయిపోయి రోజులు గడిచిన మనిషికి ఆ పిలుపు అందదు. అడ్డా దాకా వచ్చి పని దొరకనివారికి ఆ రోజు రానుపోను ఆటో ఖర్చు కూడా నష్టమే. పని వెతుక్కోవడానికే ముందు చేతిలో నాలుగు రూపాయలు ఉండాలి, కోత మొదట తీసుకుపోయేది వాటినే.

అలాగని బ్రిటన్ ఫలితాన్ని యథాతథంగా ఇక్కడికి తేవద్దు. అడ్డా కూలీకి అసలు నిరుద్యోగ భృతే లేదు. ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) పరిధిలోని కార్మికులకు 2018 జూలైలో మొదలైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద భృతి వచ్చేది గరిష్ఠంగా 90 రోజులకే. వృద్ధాప్య పింఛనును ఈ వాదనలోకి లాగితే అక్కడే ఆపండి, అది పని వెతికేవారికి ఇచ్చే సొమ్ము కాదు.

చివరగా, కోత ఎంతవరకు, ఎవరి నిర్ణయంతో పడుతుందో, ముందుగా నోటీసు ఇస్తారో లేదో, అప్పీలు తేలేలోగా ఇల్లు గడిచే దారేమిటో రాతపూర్వకంగా అడగండి. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2019 నవంబరు 5న, కనీస జీవనానికిచ్చే భృతిలో 30 శాతానికి మించిన కోతలు చెల్లవని తీర్పు చెప్పింది. అంత పెద్ద కోతలు ఫలితమిస్తాయనడానికి తగిన ఆధారం లేకపోవడం అందుకు ఒక ముఖ్య కారణం.