గవర్నర్ ఆఫ్ చేసే ముందు ఎడమ చేతికి నేర్పండి

మొన్న మా ఎయిర్‌ఫీల్డ్‌లో గవర్నర్ (రెక్కల వేగాన్ని తనే నిలకడగా ఉంచే పరికరం) ఆఫ్ చేసి ప్రాక్టీస్ చేస్తున్న ఒక ఆర్22 హెలికాప్టర్ హోవర్‌లోంచి, అంటే గాల్లో ఒకేచోట నిలిచి ఉండగా, కూలబడి పక్కకు ఒరిగింది. ఇద్దరూ నడిచి బయటికొచ్చారు. సాయంత్రం కుర్రాడు నా ఎదురుగా కూర్చుని, "హార్న్ మోగింది సార్, పడిపోతున్నామనిపించి పైకి లాగేశాను" అన్నాడు. చెబుతున్నంతసేపూ అతని ఎడమ చెయ్యి కుర్చీ పక్కన గాల్లోకి లేస్తూనే ఉంది.

ఇక్కడ టెక్సస్‌లో ఎండలు ముదురుతున్నాయి. వేడిగాలిలో ఇంజన్‌కు మిగులు పవర్ తక్కువ. ఈ నెలల్లో ట్రైనింగ్‌కి వెళ్తున్న మన పిల్లలందరికీ రాస్తున్నాను.

ఆ ఒక్క తప్పు

రోటర్ (పైన తిరిగే రెక్కలు) ఆర్‌పీఎం 97 శాతం దగ్గరికి పడితే హార్న్ మోగుతుంది. మెషీన్ కిందికి జారుతుంది. భయంతో చెయ్యి కలెక్టివ్‌ని, అంటే మెషీన్‌ని ఎత్తి దించే ఎడమ చేతి లివర్‌ని, పైకి లాగుతుంది. బ్లేడ్ కోణం పెరిగి గాలి ఇంకా అడ్డుకుంటుంది, ఆర్‌పీఎం ఇంకా పడుతుంది. సుమారు 80 శాతం, దానిపై ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకి మరో ఒక శాతం: ఆ కింద రోటర్ స్టాల్ అవుతుంది, అంటే మెషీన్‌ని మోసే శక్తి కోల్పోతుంది. గాల్లో అది జరిగితే ఇక తిరిగి రావడం లేదు. ఆర్22 రోటర్ తేలిక, ఆలోచించుకునే వ్యవధి ఇవ్వదు.

హార్న్ మోగిందంటే థ్రాటిల్ తెరవండి, కలెక్టివ్ దించండి. రెండూ ఒకేసారి. కారణం తర్వాత వెతుక్కోవచ్చు. ముందుకు ఎగురుతుంటే సైక్లిక్ (దిశ మార్చే కుడి చేతి కర్ర) కొంచెం వెనక్కి తీసుకోవడం కూడా సాయపడుతుంది.

చెయ్యి ఎటు తిప్పాలి

థ్రాటిల్ అంటే కలెక్టివ్ మీదుండే గ్రిప్. దాన్ని బయటివైపు తిప్పితే పవర్ పెరుగుతుంది, లోపలికి తిప్పితే తగ్గుతుంది. ఏళ్ల తరబడి బైక్ నడిపినవాళ్ల చేతికి ఇది అంత తేలిగ్గా అబ్బదు. ఇంజన్ ఆపి, నేల మీదే, కళ్లు మూసుకుని "తెరువు, దించు" అంటూ యాభైసార్లు చేయండి. గ్రిప్‌ని పిడికిలి బిగించి పట్టుకోవద్దు. కలెక్టివ్ ఎత్తితే దాన్ని థ్రాటిల్‌తో కలిపే కోరిలేటర్ తనే కొంత థ్రాటిల్ తెరుస్తుంది, మీ వంతు చిన్న సవరణే. ఎక్కువ తిప్పితే ఓవర్‌స్పీడ్, అంటే ఆర్‌పీఎం హద్దు దాటుతుంది.

ఇక మిగతావి

గవర్నర్ ఆఫ్ ఎగరడం గవర్నర్ చెడినప్పుడూ ఎమర్జెన్సీ ట్రైనింగ్‌లోనూ తప్ప నిషిద్ధం. సోలోలో సరదాకి తాకొద్దు. ఇన్‌స్ట్రక్టర్లూ, చెప్పకుండా థ్రాటిల్ ఒక్కసారిగా మూసేయకండి. "మూడు, రెండు, ఒకటి" అని చెప్పి మెల్లగా మూయండి, చెయ్యి కలెక్టివ్ మీదే ఉంచండి. విద్యార్థి బిగుసుకుపోతే మీకు మిగిలేది రెప్పపాటు. కార్బురేటర్ ఉన్న మెషీన్‌లో థ్రాటిల్ మూసే ముందు కార్బ్ హీట్ (కార్బురేటర్‌లో మంచు పట్టకుండా వేడిగాలి) వేయండి. ఆటోరొటేషన్‌లో (ఇంజన్ పవర్ లేకుండా దిగడం) వంద అడుగులకి దిగేసరికి ఆర్‌పీఎం, వేగం, దిగే రేటు సరిగా ఉండాలి, మలుపు పూర్తయి ఉండాలి. ఒక్కటి తప్పినా పవర్ రికవరీ, అంటే పవర్ తిరిగి పెట్టి దిగడం మానేయాలి. నాలుగైదు అడుగుల హోవర్‌లో ఇంజన్ ఆగితే మాత్రం కలెక్టివ్ దించొద్దు: కుడి పెడల్ తొక్కండి, నేల తగిలేముందు కలెక్టివ్ పైకి. ఈ తేడా కలిపేసుకోవద్దు. రాబిన్సన్ సేఫ్టీ నోటీసులు 10, 24, 27 చదవకుండా మెషీన్ ఎక్కొద్దు. నిద్ర చాలని రోజు ఈ పాఠం వద్దు. హార్న్ ఎందుకు మోగిందని అడగొద్దు. తెరువు, దించు. హార్న్ ఆగేదాకా పైకి లాగొద్దు.