కృత్రిమ మేధతో తెలుగు ఇంటర్వ్యూలు: సంభాషణ ఎక్కడ చెడుతోంది, ఎలా సరిచేయాలి?

గుణాత్మక పరిశోధనలో, అంటే అంకెలతో కాక మనుషుల మాటలు, అనుభవాల ఆధారంగా చేసే పరిశోధనలో, ఇంటర్వ్యూ చేసే పనిని కృత్రిమ మేధకు అప్పగించినప్పుడు, మొదటి పది సంభాషణలు చదివేసరికే ఎక్కడో తేడా ఉందని తెలిసిపోతుంది. ఆ తేడా యంత్రం వినడంలో ఉందా, అడగడంలో ఉందా, మనం దానికి రాసిన ఆదేశాల్లో (ప్రాంప్టులో) ఉందా అన్నది మాత్రం అంత త్వరగా తేలదు. పోచంపల్లి వైపు చేనేత కుటుంబాల పని గురించి తెలుగులో మాట్లాడించే ఇంటర్వ్యూను ఉదాహరణగా పెట్టుకొని, తరచుగా కనబడే లక్షణాలను, వాటి కారణాలను, సవరణలను కింద వివరిస్తున్నాను. వీటిలో చాలావాటికి మూలం ఒక్కటే: ఈ యంత్రాల వెనుక ఉన్న భాషా నమూనాలను (లాంగ్వేజ్ మోడళ్లను) జవాబులు చెప్పడానికి తీర్చిదిద్దారు తప్ప, ఎదుటివారిచేత చెప్పించి వినడానికి కాదు.

లక్షణం: ప్రతి జవాబుకూ ఒక మెచ్చుకోలు, దాని వెనుకే ఒక సారాంశం

"చాలా ముఖ్యమైన విషయం చెప్పారు. అంటే మీకు ఆదాయం సరిపోవడం లేదన్నమాట" అని యంత్రం అంటుంది, ఎదుటి మనిషి "అవునండి" అంటాడు. ఆ "అవునండి" మర్యాద కొద్దీ వచ్చిన మాట. దాన్ని జవాబుగా లెక్కించకూడదు. శిక్షణ చివరి దశలో ఏ జవాబులను మనుషులు మెచ్చుకున్నారో ఆ దిశగానే నమూనాను మలుస్తారు కాబట్టి, ఎదుటివారిని మెప్పించే ధోరణి దానికి అలవాటుగా మారుతుంది.

మెచ్చుకోవద్దని, సారాంశం చెప్పవద్దని, ఒకసారికి ఒకే ప్రశ్న అడగాలని, ఆ ప్రశ్నలో ఎదుటివారు వాడిన మాట ఒకటి తప్పక ఉండాలని ఆదేశంలో స్పష్టంగా రాయాలి. "నూలు ధర పెరిగినంక కష్టమైంది" అన్న జవాబుకు "కష్టమైంది అన్నారు, ఆ నెల ఎలా గడిచింది?" అన్నది సరైన కొనసాగింపు అని ఉదాహరణ కూడా ఇవ్వాలి. నిషేధాల కంటే ఇలాంటి నాలుగైదు ఉదాహరణలే ఎక్కువ పనిచేస్తాయి. ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ రూపొందించి 1966లో ప్రకటించిన ఎలిజా అనే ప్రోగ్రామ్‌కు అర్థం చేసుకునే శక్తి బొత్తిగా లేకపోయినా, ఎదుటివారి మాటనే ప్రశ్నగా తిప్పి అడుగుతూ మనుషులను మాట్లాడించగలిగింది; ఎంతో తెలిసిన నేటి నమూనాలకు ఆ పాటి నిగ్రహాన్ని మనమే నేర్పవలసి వస్తోంది.

లక్షణం: "సవాళ్లేం లేవండి" అన్న ఒక్క ముక్క జవాబు

"మీ జీవనోపాధిలో మీరు ఎదుర్కొంటున్న ప్రధాన సవాళ్లు ఏమిటి?" అని అడిగితే వచ్చే జవాబు ఇది. నమూనా నేర్చుకున్న తెలుగులో పత్రికల భాష, అనువాదాల భాష ఎక్కువ, ఇంటి అరుగు మీద మాట్లాడుకునే భాష తక్కువ. అటువంటి ప్రశ్న వినగానే ఎవరో అధికారి వచ్చాడని మనిషి సర్దుకు కూర్చుంటాడు, ఆ తర్వాత వచ్చేవన్నీ సర్దుకు కూర్చున్న జవాబులే.

ముందుగా ఇద్దరు ముగ్గురితో మనిషే స్వయంగా మాట్లాడి, వారు వాడే మాటలను సేకరించి ఆదేశంలో చేర్చాలి: మగ్గం, మజూరీ, నూలు, అద్దకం, ఆసు (అద్దకానికి ముందు నూలును వరుసగా చుట్టే పని). ప్రశ్న నైరూప్యంగా కాక, జరిగిన ఒక రోజును పట్టుకొని ఉండాలి: "నిన్న పొద్దున మగ్గం ఎక్కేసరికి ఎంతయింది? ముందు ఏం పని చేశారు?" యంత్రాన్ని కూడా యాసలో మాట్లాడించాలన్న ఆలోచన కొందరికి కలుగుతుంది. నేను దానిని సమర్థించను. అరువు యాస వినేవారికి వెక్కిరింతలా తోస్తుంది. యాసను అర్థం చేసుకుంటే చాలు, అడిగేటప్పుడు సాదా తెలుగు, "మీరు" అన్న మన్నన సరిపోతాయి.

లక్షణం: మాట పూర్తికాకముందే తర్వాతి ప్రశ్న

గొంతుతో సాగే ఇంటర్వ్యూలలో ఇదే అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తుంది. మాట ముగిసిందని యంత్రం నిర్ణయించుకోవడానికి అది నిశ్శబ్దం నిడివిని చూస్తుంది, ఆ నిడివి చాలా వ్యవస్థలలో సెకనుకు అటూ ఇటూగా ఉంటుంది. తెలుగు వాక్యంలో క్రియ చివరన వస్తుంది, వ్యతిరేకార్థం ఆ క్రియనే అంటిపెట్టుకొని ఉంటుంది. "సొసైటీల నూలు ఇస్తరంటే రెండుసార్లు పోయినం, పోతే..." అని ఆగిన మనిషి తర్వాత "ఇచ్చిండ్రు" అంటాడో "ఇయ్యలేదు" అంటాడో ఆ విరామం దాటితే కాని తెలియదు. విరామంలోనే అతన్ని తుంచేస్తే, మిగిలిన సగం వాక్యానికి నమూనా తనకు తోచిన ముగింపును ఊహించుకొని తర్వాతి ప్రశ్న అడుగుతుంది.

ఆ నిడివిని రెండున్నర, మూడు సెకన్లకు పెంచడం మొదటి సవరణ. అప్పుడూ చాలకపోతే, మాట్లాడడం అయ్యాక పాల్గొనేవారే బటన్ నొక్కే పద్ధతి మేలు. పెద్ద వయసువారి దగ్గర బటన్ కుదరదు. అక్కడ ఇంట్లోని కుర్రవాడిని సాయానికి పిలిస్తే, అతని ముందు ఆ పెద్దావిడ చెప్పే కథ వేరుగా ఉంటుందని గుర్తుంచుకోవాలి.

లక్షణం: రాతప్రతిలో ఎవరూ అనని మాటలు

మాటను రాతగా మార్చే నమూనాలు నిశ్శబ్దం, రొద ఉన్నచోట లేని వాక్యాలను కల్పిస్తాయి. ఓపెన్‌ఏఐ 2022 సెప్టెంబరులో విడుదల చేసిన విస్పర్ విషయంలో పరిశోధకులు దీనిని నమోదు చేశారు. మగ్గం చప్పుడు మధ్య చేసిన రికార్డింగులో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. వృత్తి మాటలతో మరో చిక్కు ఉంది: "ఆసు పోసింది" అన్నది "ఆశ పోయింది" అని రాతలోకి ఎక్కిందనుకోండి, పని గురించి చెప్పిన వాక్యం నిరాశ గురించి చెప్పినదిగా మారి, విశ్లేషణలో ఒక కొత్త ఇతివృత్తమే (పదే పదే కనబడే అంశమే) పుట్టుకొస్తుంది. రికార్డింగును చెరపకుండా ఉంచడం, వృత్తి పదాల పట్టికను ముందే ఇవ్వడం, ఉటంకించదలచిన ప్రతి వాక్యాన్నీ మనిషి చెవితో విని సరిచూడడం తప్ప దీనికి వేరే మార్గం లేదు.

లక్షణం: ఆంగ్ల అనువాదంలో అర్థం పలచబడడం

విశ్లేషణను ఆంగ్లంలో చేసేవారికి ఇది కనబడనే కనబడదు. "మేము" అన్నా "మనం" అన్నా అనువాదంలో ఒకే మాటగా మారుతుంది. ఎదుటివారిని కలుపుకొన్నారా, దూరంగా పెట్టారా అన్న తేడా పోతుంది. "ఒప్పుకోలేదు" అన్న ఒంటరి క్రియకు కర్త ఎవరో యంత్రమే నిర్ణయించేస్తుంది, ఆ కర్త భర్తా, అత్తా, సేటా అన్నదే అసలు విషయమైనా సరే. కోడింగును, అంటే ఏ మాట ఏ అంశానికి చెందుతుందో గుర్తులు పెట్టే పనిని, తెలుగు ప్రతి మీదే చేయాలి, కర్త లేని వాక్యాలను గుర్తించి, "ఎవరు ఒప్పుకోలేదు?" అని సంభాషణలోనే అడిగేలా ఆదేశించాలి.

లక్షణం: పాల్గొనేవారే ప్రశ్నలు అడగడం

"పింఛను ఎప్పుడొస్తది?" అని అడిగితే సహాయకుడిగా శిక్షణ పొందిన యంత్రం ఏదో ఒకటి చెబుతుంది, అది తప్పు కూడా కావచ్చు. పథకాల గురించి జవాబివ్వకుండా, పరిశోధకులకు తెలియజేస్తానని మాత్రమే చెప్పాలని నియమం పెట్టాలి, నిజంగానే తెలియజేయాలి. ఈ ప్రశ్న పదే పదే వస్తోందంటే, మీ సమ్మతి ప్రకటన వారికి అర్థం కాలేదని భావించాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమ్మతి కోరే నోటీసును ఆంగ్లంలో గాని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకునే వీలు కల్పించాలంటోంది. చదవలేనివారికి మనిషే దానిని వినిపించి, మాట్లాడబోయేది యంత్రమని, ప్రభుత్వం కాదని విడిగా చెప్పాలి.

లక్షణం: అప్పుల గురించి చెబుతూ గొంతు పూడుకుపోయిన మనిషిని యంత్రం తర్వాతి అంశం అడగడం

దీన్ని ఆదేశాలతో సరిచేయాలని చూడవద్దు. చావు, ఆత్మహత్య, హింస వంటి ప్రస్తావన రాగానే ఇంటర్వ్యూ ఆగిపోయి, అందుబాటులో ఉన్న పరిశోధకుడికి కబురు వెళ్లే ఏర్పాటు ఉండాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్ ఉచిత సహాయ సంఖ్య 14416ను చెప్పి ఊరుకోవడం దానికి బదులు కాదు. అలా కబురు అందుకునే పరిశోధకుడు సిద్ధంగా లేని రోజున ఇంటర్వ్యూలు పెట్టుకోకూడదు. అప్పులు, ఇంట్లో హింస, కులవివక్ష వంటివే ప్రధానాంశాలైన అధ్యయనాలకు యంత్రాన్ని అసలు పంపకూడదన్నది నా అభిప్రాయం.

లక్షణం: ఇతివృత్తాల కింద ఇచ్చిన ఉటంకింపు ఏ ఇంటర్వ్యూలోనూ దొరకకపోవడం

రెండు మూడు సంభాషణల మాటలను కలిపి, నమూనా ఒక నున్నటి వాక్యాన్ని తయారుచేసి ఉంటుంది. ప్రతి ఉటంకింపుకూ ఇంటర్వ్యూ సంఖ్యను, అందులో అది ఎన్నో జవాబులోదో రాయించి, ఆ వాక్యాన్ని రాతప్రతిలో అక్షరాలా వెతికి, దొరకనిదాన్ని కొట్టివేయాలి. ఒక ఇతివృత్తం కింది ఉటంకింపులన్నీ అలా కొట్టుకుపోతే, ఆ ఇతివృత్తాన్నే తీసివేసి సంభాషణలను మళ్లీ మొదటినుంచి చదవాలి.