బ్రిస్బేన్ దారిలో థండర్‌బోల్ట్స్ రాక్ దగ్గర ఆగండి

సిడ్నీ నుంచి న్యూ ఇంగ్లండ్ హైవే మీద బ్రిస్బేన్‌కి కారులో వెళ్తుంటే, ఉరల్లా అనే ఊరు ఇంకో 7 కిలోమీటర్లు ఉందనగా వేగం తగ్గించండి. థండర్‌బోల్ట్స్ రాక్ అనే ఈ గ్రానైట్ బండల గుట్ట రోడ్డు పక్కనే ఉంటుంది, కాస్త ఏమరుపాటుగా ఉంటే దాటిపోతారు.

‘కెప్టెన్ థండర్‌బోల్ట్’గా పేరుపడ్డ దారిదోపిడీ దొంగ ఫ్రెడ్ వార్డ్ 1863లో సిడ్నీ దగ్గరి కొకటూ ద్వీపం జైలు నుంచి తప్పించుకున్నాడు. అదే ఏడాది ఈ రాళ్ల దగ్గరే పోలీసు తూటా అతని మోకాలికి తగిలింది. ఫొటోలు తర్వాత తీసుకోవచ్చు, ముందు ఒక బండ చాటున నిలబడి రోడ్డు వైపు చూడండి. వచ్చే బండి మనకు కనిపిస్తుంది, మనం వాళ్లకు కనపడం. దోపిడీకి మాటు వేయడానికి వార్డ్ ఈ చోటునే ఎందుకు ఎంచుకున్నాడో అప్పుడు తెలుస్తుంది.

గ్రానైట్ చేతికి గరుకుగానే తగులుతుంది కానీ, వాన పడితే నాచు పట్టిన చోట కాలు జర్రున జారుతుంది. చెప్పులతో ఎక్కొద్దు, షూ వేసుకోండి. జూన్ నుంచి ఆగస్టు దాకా చలి గట్టిగా ఉంటుంది, స్వెటర్లు డిక్కీలో అడుగున పడేయకండి. దయచేసి రాళ్ల మీద పేర్లు రాయకండి, పిల్లల్ని రాయనివ్వకండి.

1870లో పోలీసు కాల్పుల్లో చనిపోయిన అతని సమాధి ఉరల్లాలోనే ఉంది. అక్కడి మెక్రాసిన్స్ మిల్ మ్యూజియానికి కూడా ఓ గంట కేటాయించండి.