వీపీఎన్ ‘కనెక్టెడ్’ అంటోంది, ఆఫీసు ఫోల్డర్ మాత్రం తెరుచుకోవట్లేదా? ఇలా చూడండి

వీపీఎన్ (ఇంటి కంప్యూటర్‌ను ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే సాఫ్ట్‌వేర్) మొరాయించగానే చాలామంది సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఆఫీసువాళ్లు పెట్టిన సర్టిఫికెట్, సెట్టింగులు దానితోపాటే పోవచ్చు. మళ్లీ ఎక్కించాలంటే మీ దగ్గర అడ్మిన్ పాస్‌వర్డ్ ఉండదు. తప్పు ఎక్కడుందో తెలిసేదాకా దేన్నీ తీసేయకూడదు.

కావాల్సినవి: ల్యాన్ కేబుల్, మొబైల్ డేటా ఉన్న ఫోన్, కాగితం, పెన్ను. ఇంటి నెట్‌ను వైఫై మీద పరీక్షించకండి, రూటర్‌కు కేబుల్‌తో కలపండి. సిగ్నల్ తగ్గిందా, వీపీఎన్ తెగిందా అన్నది తేలదు.

ముందు మామూలు వెబ్‌సైటు ఒకటి తెరవండి. అది రాకపోతే వీపీఎన్‌ను అనుకుని లాభం లేదు. లాగిన్ దగ్గరే ఆగిపోతుంటే కంప్యూటర్‌లోనూ ఫోన్‌లోనూ టైమ్ చూడండి. లాగిన్‌కు నంబరు చూపించే ఆథెంటికేటర్ యాప్‌లో ఆ నంబరు సాధారణంగా 30 సెకన్లకోసారి మారుతుంది. ఫోన్ గడియారం రెండు మూడు నిమిషాలు తప్పినా ఆ నంబరు చెల్లదు. టైమ్‌ను ఆటోమేటిక్‌లో పెట్టండి.

తర్వాత ఇంటి నెట్ తీసేసి, ఫోన్ హాట్‌స్పాట్‌తో వీపీఎన్ కలపండి. రూటర్ పది సార్లు ఆపి వేసేకంటే ఈ ఒక్క పరీక్ష మేలు, ఎందుకంటే సగం సందేహం ఇక్కడే తీరిపోతుంది. హాట్‌స్పాట్ మీద కూడా రాకపోతే లోపం చాలావరకు మీ అకౌంట్‌లోనో, కంప్యూటర్‌లోనో, ఆఫీసు వైపో ఉన్నట్టు. హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేయండి. హాట్‌స్పాట్ మీద బాగా నడిచి, ఇంటి నెట్ మీద ‘కనెక్టెడ్’ అని చూపిస్తూ కూడా ఏమీ తెరుచుకోకపోతే, నేను మొదట అనుమానించేది అడ్రసుల గొడవ, అంటే నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఉండే అంకెల అడ్రసులు ఇంట్లోనూ ఆఫీసులోనూ ఒకటే కావడం.

ఇళ్లలోని రూటర్లు చాలావరకు 192.168.0 లేదా 192.168.1తో మొదలయ్యే అడ్రసులు ఇస్తాయి. చిన్న ఆఫీసులు చాలా వాటిలోనూ అవే ఉంటాయి. మీ ఊళ్లో గాంధీబొమ్మ వీధి ఉంది, ఆఫీసున్న ఊళ్లోనూ గాంధీబొమ్మ వీధి ఉంది. ఉత్తరం మీద వీధి పేరే ఉంటే పోస్ట్‌మ్యాన్ మీ ఊళ్లో వీధికే తీసుకెళతాడు. కంప్యూటర్ చేసేదీ అదే.

కాకినాడలో ఉండే మా పిన్ని కొడుకు ఒక రాత్రి ఫోన్ చేశాడు. “సర్వర్ బాగానే ఉందన్నయ్యా, 192.168.1.20 పింగ్ చేస్తే 1 మిల్లీసెకనులో జవాబొస్తోంది. ఫోల్డరే తెరుచుకోవట్లేదు.” పింగ్ అంటే ఒక అడ్రసుకు చిన్న సందేశం పంపి, జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూడటం. వాళ్ల సర్వర్ ఉన్నది హైదరాబాద్‌లో. అంత దూరం వెళ్లి 1 మిల్లీసెకనులో తిరిగి రావడం కుదరదు. హాల్లో ఉన్న ప్రింటర్ ఆపమన్నాను. ఆపగానే జవాబులు ఆగిపోయాయి. వాడు గంట నుంచి పింగ్ చేస్తున్నది ఆ ప్రింటర్‌నే!

వీపీఎన్ ఆపి, కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని ఇంగ్లిష్‌లో కొట్టండి. ఐపీవీ4 అడ్రసు (మీ కంప్యూటర్‌ది), డీఫాల్ట్ గేట్‌వే (మీ రూటర్ అడ్రసు) కాగితం మీద రాసుకోండి. ఆఫీసు నెట్‌వర్క్ ఏ అడ్రసులు వాడుతుందో ఐటీవాళ్లను అడగండి. చుక్కల మధ్య ఉన్న మొదటి మూడు సంఖ్యలూ (192.168.1 లాగా) కలిస్తే గొడవ అదే. 192.168 మొత్తాన్నీ వాడే ఆఫీసులూ ఉంటాయి కాబట్టి ఊహించకండి, అడగండి.

ఆఫీసు అడ్రసు మార్చడం మన చేతిలో లేదు, ఇంటిది మార్చాలి. ఇక్కడ నిదానంగా ఉండండి. షిఫ్టు మొదలవడానికి పది నిమిషాల ముందు ఈ పని పెట్టుకోకండి, ఆదివారం పొద్దున చేయండి. గేట్‌వే నంబరును బ్రౌజర్‌లో కొట్టి రూటర్ పేజీలోకి వెళ్లండి. పాస్‌వర్డ్ సాధారణంగా రూటర్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది. ఏదీ ముట్టుకోకముందే ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫొటో తీయండి.

మార్చాల్సింది ల్యాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) పేజీలో. వ్యాన్ అని ఉన్న పేజీని ముట్టుకోవద్దు, అందులో నెట్ కంపెనీ వివరాలుంటాయి. 192.168.1.1 ఉన్న చోట 192.168.73.1 పెట్టండి. 73 ఉన్న చోట ఏదైనా పెట్టొచ్చు గానీ, 20కి పైన, 250కి లోపు అంకే వేయాలి, అదీ ఆఫీసులో లేనిది. 10తో మొదలయ్యేవి పెట్టకండి, పెద్ద కంపెనీల్లో అవి ఎక్కువ. అదే పేజీలో డీహెచ్‌సీపీ (ఇంట్లో ఫోన్లకు, కంప్యూటర్లకు అడ్రసులు పంచేది) అని ఉన్న చోట మొదటి, చివరి అడ్రసులు కూడా 73కి మారాయో లేదో చూడండి. మారకపోతే మీరే మార్చండి. ఇది మర్చిపోతే ఇంట్లో ఏ ఫోన్‌కూ నెట్ రాదు.

సేవ్ నొక్కగానే పేజీ బిగుసుకుపోతుంది. టెన్షన్ పడకండి. రూటర్ అడ్రసు మారింది కదా, పాత పేజీ ఎలా వస్తుంది? రెండు నిమిషాలాగి, కేబుల్ తీసి మళ్లీ పెట్టి, 192.168.73.1 తెరవండి. ఈ రెండు నిమిషాల్లోనే భయపడి, సూదితో వెనకాల రీసెట్ నొక్కేవాళ్లను చాలామందిని చూశాను. ఫైబర్ బాక్స్‌లో రీసెట్ నొక్కితే నెట్ కంపెనీ పెట్టిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్ చెరిగిపోవచ్చు. ఇక వాళ్ల మనిషి వచ్చేదాకా ఇంటికి నెట్ ఉండదు. రీసెట్ నొక్కకండి.

ఇప్పుడు వీపీఎన్ కలిపి సర్వర్‌ను పింగ్ చేయండి. పింగ్‌ను ఆపేసే ఆఫీసులూ ఉంటాయి, కాబట్టి జవాబు రాకపోయినా ఫోల్డర్ తెరిచి చూడండి. అడ్రసు కొడితే తెరుచుకుని, పేరు కొడితే తెరుచుకోకపోతే అది డీఎన్‌ఎస్ (పేరును అడ్రసుగా మార్చే వ్యవస్థ) తేడా. ఎవరో చెప్పారని గూగుల్ డీఎన్‌ఎస్ 8.8.8.8 పెట్టకండి, మీ ఆఫీసు లోపలి పేర్లు దానికి తెలియవు. పేజీలు వస్తూ పెద్ద ఫైళ్లు మాత్రం మధ్యలో ఆగిపోతుంటే ఎమ్‌టీయూ (ఒక్కసారికి పంపే డేటా ముక్క గరిష్ఠ సైజు) తగ్గించమని ఐటీవాళ్లకు చెప్పండి. మామూలుగా అది 1500 బైట్లు, యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే పీపీపీవోఈ కనెక్షన్లలో 1492. దాని మీద వీపీఎన్ కూడా కొంత చోటు తీసుకుంటుంది.

ఇంట్లో ప్రింటర్‌కో, సీసీ కెమెరా డీవీఆర్‌కో పాత అడ్రసు ఎవరైనా చేత్తో పెట్టి ఉంటే, దాన్ని కూడా 73కి మార్చండి. మా తమ్ముడి ప్రింటర్‌కు ఇప్పుడు 192.168.73.20 ఉంది, రూటర్ పక్కన గోడకు కాగితం మీద రాసి అంటించాడు.