గర్భం రాకుండా వేసుకునే ప్యాచ్ మనకి పడుద్దా లేదా, ఎలా తేల్చుకోవాలి?

మా గుంటూరు, విజయవాడ వైపు అమ్మాయిలకి ఈ ప్యాచ్ సంగతి ఎక్కువగా తెలిసేది పెళ్లయి అమెరికా వెళ్లాకే. అక్కడ డాక్టర్ దగ్గరికెళ్తే టాబ్లెట్లు కావాలా, ప్యాచా, రింగా, లూపా అని ఒక లిస్ట్ ముందు పెడతారు, పక్కన అమ్మ ఉండదు అక్క ఉండదు, ఆ కాసేపట్లో ఏదో ఒకదానికి సరే అనేసి వచ్చేస్తారు. అదేదో బయల్దేరకముందే ఇక్కడ నిదానంగా ఆలోచించుకుంటే సగం కంగారు తగ్గుద్ది కదా అని ఇది రాస్తున్నా. ఇక్కడే ఉండేవాళ్లకీ పనికొస్తుంది, ఎందుకంటే ఇందులో చాలావరకు రోజూ వేసుకునే మాత్రలకి కూడా వర్తిస్తుంది.

ప్యాచ్ మంచిదా చెడ్డదా అని అడిగితే ఎవరూ సరైన జవాబు చెప్పలేరండి. మూడు ప్రశ్నలు వరసగా వేసుకోవాలి. మన ఒంటికి ఈస్ట్రోజెన్ (ఈ ప్యాచ్‌లో ఉండే ఒక హార్మోన్) పడుద్దా? వారం వారం గుర్తుపెట్టుకుని మార్చడం మన వల్ల అవుద్దా? మధ్యలో ఆగకుండా దొరుకుద్దా? మొదటిదానికే కాదు అని వస్తే మిగతా రెండూ చూడక్కర్లేదు. కానీ చాలామంది తిరగేసి చూస్తారు, "రోజూ మింగక్కర్లేదంట, భలే ఉంది" అని ముందే ఫిక్సయిపోతారు, బీపీ ఉన్న సంగతి చివర్లో గుర్తొస్తది.

స్టెప్ 1: అది ఏంటో, ఎంతవరకు పనిచేస్తదో తెలుసుకోండి

అగ్గిపెట్టె అంత ఉండే పల్చటి అతుకు ఇది, ఒంటికి అంటించుకుంటే అందులోంచి రెండు హార్మోన్లు (ఈస్ట్రోజెన్ ఒకటి, ప్రొజెస్టిన్ ఒకటి) చర్మం ద్వారా రక్తంలోకి వెళ్తూ ఉంటాయి. దానివల్ల అండం విడుదల కాదు. వారానికి ఒకటి చొప్పున మూడు వారాలు వేసుకుని నాలుగో వారం ఖాళీగా వదిలేయాలి, ఆ వారంలోనే పీరియడ్ వస్తది. అమెరికాలో ఆర్థో ఎవ్రా పేరుతో 2001లో దీనికి మొదట అనుమతి ఇచ్చారు, ఇప్పుడు అదే మందుతో జులేన్ అని వస్తుంది, ఇంకో రకం హార్మోన్‌తో ట్విర్లా అని 2020లో వచ్చింది.

ఒక్క పొరపాటు లేకుండా వాడితే ఏడాదిలో నూటికి ఒక్కరికి కూడా గర్భం రాదు. మామూలుగా జనం వాడే పద్ధతిలో, అంటే మర్చిపోవడాలు ఊడిపోవడాలు అన్నీ కలుపుకుని, ఏడాదికి నూటికి 7 మందికి వస్తుందని లెక్క. మాత్రలకి కూడా ఇదే అంకె. కాబట్టి మాత్రల కంటే ప్యాచ్ గట్టిదని ఎవరైనా అంటే నమ్మొద్దు. సుఖవ్యాధుల నుంచి, హెచ్ఐవీ నుంచి ఇది కాపాడదు, దానికి కండోమ్ ఒక్కటే దారి.

స్టెప్ 2: మీ ఒంటికి ఈస్ట్రోజెన్ పడుద్దో లేదో ముందు చూసుకోండి

ఈ స్టెప్ దగ్గర మాత్రం తొందరపడకండి, నా దృష్టిలో మొత్తం నిర్ణయం ఇక్కడే ఉంది. ఒక పేపర్ తీసుకుని రాసుకోండి.

మొదట బీపీ. ఎప్పుడో కాలేజీలో చూపించుకున్నది కాదు, ఈ వారంలో చూపించుకున్నది కావాలి. దగ్గర్లో అర్బన్ హెల్త్ సెంటర్ ఉన్నా సరిపోద్ది, రెండు నిమిషాల పని. బీపీ ఎక్కువుంటే ప్యాచ్ వద్దు.

తర్వాత తలనొప్పి. మామూలు తలనొప్పి వేరు, నొప్పి మొదలయ్యే ముందు కళ్ల ముందు జిగజిగ గీతలు, మెరుపులు కనపడటం, చెయ్యి తిమ్మిరెక్కడం వేరు. రెండో రకం మైగ్రేన్ ఉన్నవాళ్లకి ఈస్ట్రోజెన్ ఉన్న ఏ మందైనా పక్షవాతం రిస్క్ పెంచుద్ది. "చిన్నప్పట్నుంచీ ఉన్నదేలే" అని డాక్టర్‌కి చెప్పకుండా ఉండొద్దు.

ఇంట్లో ఎవరికైనా, అంటే అమ్మకో అక్కచెల్లెళ్లకో మేనత్తకో, కాళ్లలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ రక్తం గడ్డకట్టిందా అని అడిగి తెలుసుకోండి. మన ఇళ్లల్లో పెద్దవాళ్ల జబ్బుల పేర్లు సరిగ్గా చెప్పుకోరు, "కాలు వాచి హాస్పిటల్లో పెట్టారంట" అని ఊరుకుంటారు, అదేంటో గట్టిగా అడగండి. మీకే అలా జరిగుంటే ప్యాచ్ ఊసే ఎత్తొద్దు. రొమ్ము క్యాన్సర్, లివర్ జబ్బులు, గుండె జబ్బు ఉన్నా అంతే. 35 దాటి సిగరెట్ అలవాటుంటే కూడా వద్దని కంపెనీ కాగితంలోనే నల్ల గీతల గడి కట్టి మరీ హెచ్చరిక రాసుంటది.

బరువు సంగతి చాలామందికి తెలీదు. బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె) 30 గానీ ఆపైన గానీ ఉంటే ఈ ప్యాచ్‌లు వాడొద్దని కంపెనీ కాగితంలోనే రాసుంటది. అయిదడుగుల రెండంగుళాల మనిషికి అది దాదాపు 74 కేజీలు, అంటే మరీ పెద్ద బరువేం కాదు, డెలివరీ అయ్యాక మనలో ఎంతమంది అక్కడ లేరు చెప్పండి.

డెలివరీ మాట వచ్చింది కాబట్టి, పాలిచ్చే తల్లులు బిడ్డకి ఆరు నెలలు వచ్చేదాకా ఈస్ట్రోజెన్ ఉన్నవి వాడకపోవడమే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. పురిటి తర్వాత మొదటి వారాల్లో రక్తం గడ్డకట్టే రిస్క్ మామూలుగానే ఎక్కువుంటది.

మీరు వాడుతున్న వేరే మందులు కూడా రాసుకోండి. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి ఇచ్చే కార్బమజెపిన్, ఫెనిటాయిన్ లాంటివి ప్యాచ్‌ని పనిచేయనివ్వవు. పీసీఓడీకి డాక్టర్లు రాసే హార్మోన్ మాత్రలు చాలావరకు ఇదే జాతి, అవి వేసుకుంటూ ప్యాచ్ కూడా పెట్టుకుంటే డబుల్ డోస్ అయిపోద్ది. వ్రతానికో తిరుపతి ప్రయాణానికో పీరియడ్ వాయిదా వేసే మాత్రలు కూడా ఈ లిస్ట్‌లో రాయండి. నాలుగో వారం ఖాళీ వదలకుండా ఇంకో ప్యాచ్ అంటించేసి పీరియడ్ ఆపుకుందాం అని సొంతంగా మాత్రం చేయకండి, డాక్టర్‌ని అడగాల్సిందే.

స్టెప్ 3: గడ్డకట్టే రిస్క్‌ని అంకెల్లో చూడండి

ఇక్కడ రెండు రకాల మనుషులుంటారు, అసలేం కాదనేవాళ్లు, చచ్చిపోతారని భయపెట్టేవాళ్లు. ఇద్దరి మాటా వద్దు. అమెరికాలో మందులకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ లెక్క ప్రకారం ఏ హార్మోనూ వాడని, గర్భంతో లేని ఆడవాళ్లలో ఏడాదికి పదివేల మందిలో 1 నుంచి 5 మందికి ఇలా గడ్డకడుతుంది. రెండు హార్మోన్ల మాత్రలు వాడేవాళ్లలో అది 3 నుంచి 12. గర్భంతో ఉన్నప్పుడు 5 నుంచి 20, పురిటి తర్వాత 40 నుంచి 65. అంటే రిస్క్ పెరుగుద్ది, నిజమే, కానీ గర్భం, కాన్పు కూడా రిస్కే.

మరి ప్యాచ్? 35 మైక్రోగ్రాముల ఈస్ట్రోజెన్ ఉండి నోటితో మింగే మాత్రతో పోలిస్తే జులేన్ రకం ప్యాచ్ నుంచి ఒంట్లోకి చేరే మొత్తం ఈస్ట్రోజెన్ దాదాపు 60 శాతం ఎక్కువ. చర్మం మీదే కదా, లైట్‌గా ఉంటదిలే అనుకుంటాం, ఇది దానికి రివర్స్. కొన్ని స్టడీల్లో మాత్రల కంటే గడ్డకట్టే రిస్క్ ఎక్కువని వచ్చింది, కొన్నిట్లో తేడా లేదని వచ్చింది. నా వరకైతే మాత్రలు రోజూ గుర్తుపెట్టుకుని వేసుకోగలిగిన మనిషి ప్యాచ్‌కి మారాల్సిన పనిలేదు. మాత్రలు మర్చిపోయేవాళ్లకే ఇది అసలైన లాభం.

మనవాళ్లు ప్రత్యేకంగా పట్టించుకోవాల్సింది విమాన ప్రయాణం. నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చునే ప్రయాణం గడ్డకట్టే రిస్క్‌ని దాదాపు రెట్టింపు చేస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. మన వైపు నుంచి డాలస్ వెళ్లాలంటే ఇరవై గంటలు పైనే, మధ్యలో దుబాయ్‌లోనో దోహాలోనో దిగి ఎక్కడం. కొత్తగా ప్యాచ్ మొదలుపెట్టిన నెలల్లోనే రిస్క్ ఎక్కువ కాబట్టి ప్రయాణానికి ముందు వారంలో మొదలుపెట్టడం కంటే వెళ్లి స్థిరపడ్డాక పెట్టుకోవడం మంచిదేమో డాక్టర్‌ని అడగండి. ఇప్పటికే వాడుతుంటే ఫ్లైట్‌లో మధ్యమధ్య లేచి నడవండి, నీళ్లు తాగండి. పెద్ద ఆపరేషన్ ఏదైనా ఉంటే నాలుగు వారాల ముందే ప్యాచ్ ఆపాలి, సర్జన్‌కి తప్పకుండా చెప్పండి.

స్టెప్ 4: మీ రోజువారీ బతుకులో ఇది ఇముడుద్దా?

లాభాలు నిజంగా ఉన్నాయి. వారానికి ఒక్కసారి పని. వాంతులైనా విరేచనాలైనా మందు పోదు, ఎందుకంటే పొట్టలోంచి పోయేది కాదు. ఉందో లేదో చేత్తో తడిమితే తెలిసిపోద్ది. చాలామందికి పీరియడ్ తేలికవుద్ది. మార్చే రోజు ఒకటి ఫిక్స్ చేసుకోండి, శుక్రవారం తలంటు రోజు అనుకోండి, స్నానం చేసి ఒళ్లు బాగా ఆరాక మార్చేయడమే. ఆ రోజున ఏ టైమ్‌కి మార్చినా పర్లేదు, అందుకే అమెరికా నుంచి ఇండియా వచ్చినప్పుడు టైమ్ తేడాతో గొడవ ఉండదు.

ఇక ఎక్కడ అంటించాలి అన్నది. పొట్ట, పిరుదు, వీపు పైభాగం, జబ్బ బయటి వైపు, వీటిల్లో ఎక్కడైనా సరే (ట్విర్లాకి జబ్బ మీద కుదరదు), రొమ్ముల మీద మాత్రం అస్సలు వద్దు. చీర కట్టుకునేవాళ్లు నడుము దగ్గర లంగా బొందు పడే చోట పెట్టొద్దు, ఆ ఒరిపిడికి అంచు లేచిపోద్ది, బొడ్డుకి బాగా కింద గానీ పిరుదు మీద గానీ పెట్టుకోండి. టైట్ బ్లౌజ్ చెయ్యి కింద కూడా అదే సమస్య. నూనె, పౌడర్, లోషన్, నలుగు ఏమీ లేని చర్మం మీద పెట్టి, పది సెకన్లు అరచేత్తో గట్టిగా అదిమి, చుట్టూ అంచుల మీద వేలితో ఒకసారి రుద్దండి. ప్రతి వారం చోటు మార్చండి, లేకపోతే అక్కడ ఎర్రబడి దురద పెడుద్ది. తీసేసినప్పుడు జిగురు మిగిలితే కొంచెం బేబీ ఆయిల్ రాస్తే పోద్ది.

మే నెలలో బెజవాడ ఎండ సంగతి చెప్పేదేముంది, కరెంటు పోతే పావుగంటలో ఒళ్లంతా చెమట. స్నానం, ఈత, వ్యాయామం అన్నీ తట్టుకునేలానే తయారుచేస్తారు గానీ ఎండాకాలంలో రోజూ అంచులు చూసుకోవడం అలవాటు చేసుకోండి. విడి ప్యాచ్‌లని ఎండలో ఉన్న కార్లో వదలొద్దు, ఫ్రిజ్‌లోనూ పెట్టొద్దు, 25 డిగ్రీల దగ్గర ఉంచమంటారు కాబట్టి ఇంట్లో చల్లగా ఉండే గదిలో బీరువాలో పెట్టండి.

ఉమ్మడి కుటుంబంలో ఉండేవాళ్లకి ఇంకో ఇబ్బంది, ఇది కంటికి కనపడుద్ది. "అదేంటమ్మా జబ్బ మీద" అని అత్తగారో ఆడపడుచో అడిగితే చెప్పగలరా? చెప్పగలిగితే మంచిదే, చెప్పలేకపోతే ఎవరికీ కనపడనిచోట పెట్టుకోండి లేదా వేరే పద్ధతి చూసుకోండి. మొగుడితో మాత్రం ముందే మాట్లాడుకోండి, కానీ చివరి మాట మీదే, అది మీ ఒళ్లు. "వేడి చేస్తది", "తర్వాత పిల్లలు పుట్టరు" అనే మాటలు వినపడతాయి. ఆపేశాక చాలామందికి ఒకటి రెండు నెలల్లో మళ్లీ మామూలుగా అండం విడుదల మొదలవుద్ది.

మొదటి రెండు మూడు నెలలు వికారం, తలనొప్పి, రొమ్ములు సలపడం, మధ్యమధ్య కొంచెం మరకలు కనపడటం మామూలే. రొమ్ముల నొప్పి మాత్రల కంటే దీనికి కాస్త ఎక్కువుంటది.

స్టెప్ 5: ఊడిపోతే, మర్చిపోతే ఏం చేయాలో ముందే నేర్చుకోండి

ఇది ఫోన్‌లో నోట్ చేసి పెట్టుకోండి. ఊడిపోయి 24 గంటలు కాకపోతే, జిగురుంటే అదే అంటించండి లేకపోతే కొత్తది వేయండి, మార్చే రోజు మారదు. 24 గంటలు దాటినా, ఎప్పుడు ఊడిందో తెలీకపోయినా, కొత్త ప్యాచ్‌తో కొత్త నాలుగు వారాలు మొదలుపెట్టి ఏడు రోజులు కండోమ్ వాడాలి. ఊడేదాన్ని ప్లాస్టర్‌తో, టేపుతో పట్టి ఉంచడం పనికిరాదు.

మొదటి వారం ప్యాచ్ లేటైతే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని ఏడు రోజులు కండోమ్, ఆ రోజే ఇక మీ మార్చే రోజు. రెండో మూడో వారాల్లో రెండు రోజుల్లోపు గుర్తొస్తే మార్చేస్తే చాలు, రెండు రోజులు దాటితే మళ్లీ మొదట్నుంచి, ఏడు రోజులు కండోమ్. నాలుగో వారంలో తీయడం మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు తీసేసి మామూలు రోజునే కొత్తది వేయండి. ఖాళీ వారం ఏడు రోజులు దాటనివ్వకపోవడం అన్నిటికంటే ముఖ్యం.

స్టెప్ 6: దొరుకుద్దా, దొరక్కపోతే బదులు ఏముంది?

విజయవాడ సూర్యారావుపేటలో గానీ గుంటూరు కొత్తపేటలో గానీ ఆ వరస మెడికల్ షాపుల్లో మాత్రలు దొరికినంత సులువుగా ఇది దొరుకుద్దనుకోవద్దు, గవర్నమెంట్ ఫ్రీగా ఇచ్చేవాటిల్లో కూడా లేదు. అమెరికాలో ప్రిస్క్రిప్షన్ కావాలి, అక్కడ చాలా ఇన్సూరెన్స్‌లు గర్భనిరోధకాలకి డబ్బు తీసుకోవు గానీ మీ ప్లాన్‌లో ఏ బ్రాండ్ ఉందో అడగండి. సెలవులకి ఇక్కడికొస్తే ఉండే నెలలకి సరిపడా డబ్బాలు హ్యాండ్ బ్యాగ్‌లోనే తెచ్చుకోండి, నెలకి మూడు ప్యాచ్‌లు.

ఇక్కడే ఉండి రోజూ మాత్ర మింగలేం అనేవాళ్లకి వేరే దారులు దగ్గర్లోనే ఉన్నాయి. అంతరా ఇంజెక్షన్ మూడు నెలలకోసారి. ఛాయా మాత్ర మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి, అందులో హార్మోన్ లేదు. ఈ రెండూ 2017 నుంచి గవర్నమెంట్ ఇస్తుంది. కాపర్ టీ 380ఏ అయితే పదేళ్లు పనిచేస్తది, ఈస్ట్రోజెన్ పడనివాళ్లు ఇవన్నీ డాక్టర్‌తో మాట్లాడొచ్చు. మీ ఆశా వర్కర్‌ని అడిగినా ఎక్కడికెళ్లాలో చెప్తుంది.

స్టెప్ 7: మొదలుపెట్టాక వీటిని కనిపెట్టుకుని ఉండండి

పీరియడ్ మొదటి రోజున వేసుకుంటే వెంటనే రక్షణ, వేరే రోజు మొదలుపెడితే మొదటి ఏడు రోజులు కండోమ్. మూడు నెలలకి బీపీ మళ్లీ చూపించుకోండి.

ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పెట్టడం, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి, ఎప్పుడూ లేనంత తలనొప్పి, చూపు మసకబారడం, మాట తడబడటం, కళ్లు పచ్చబడటం, వీటిలో ఏది కనపడినా ప్యాచ్ పీకేసి, రాత్రైనా సరే, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి, ఇక్కడైతే 108కి, అమెరికాలో అయితే 911కి ఫోన్ చేయండి, అక్కడ మొదటి మాటగా "నేను హార్మోన్ ప్యాచ్ వాడుతున్నా" అని చెప్పండి. గ్యాస్ అనుకుని, నడక ఎక్కువైందనుకుని తెల్లారేదాకా ఆగొద్దు.